ఒకే రైఫిలు, ఒకే గురి, వేరువేరు రంధ్రములు

ఒక మంచి రైఫిలును బరువైన దిమ్మకు కదలకుండ బిగించి, 100 మీటర్ల దూరమున నొక కాగితపు ఫలకము నిలిపి, ఐదు తూటాలు వరుసగా ప్రేల్చినచో ఏమగును? చేయి వణకుట లేదు. కంటి దోషము లేదు. గాలియు నిశ్చలముగనే యున్నదనుకొందము. ఐదు గుండ్లును ఒకే రంధ్రమునుండి దూరిపోవలెనని తోచును. కాని అట్లు జరుగదు. ఫలకముపై ఐదు రంధ్రములు ఒక చిన్న గుంపుగా నేర్పడును. ఆ గుంపు వెడల్పు రెండు మూడు సెంటీమీటర్లున్నచో రైఫిలు మంచిదనియే చెప్పుదురు. మరి ఆ రెండు మూడు సెంటీమీటర్ల తేడా ఎక్కడనుండి వచ్చినది?

అమెరికా మొదలగు దేశములలో కొందరు గురికాండ్రు అంగడిలో దొరకు తూటాలతో తృప్తిపడక, తూటా భాగములను విడివిడిగా కొని, తమ రైఫిలుకు తగినట్లు తామే కూర్చుకొందురు. వారి శ్రమ అంతయు ఈ తేడాను తగ్గించుటకే. (భారతదేశమున 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే తూటాలు తయారుచేయుట నేరము. ఇక్కడ చెప్పునది అందులోని భౌతికశాస్త్రమే గాని తయారుచేయు విధానము కాదు.)

ఈ ప్రశ్నను శాస్త్రదృష్టితో పరిశీలించిన తొలివారిలో ఇంగ్లండు దేశపు గణితజ్ఞుడు బెంజమిన్ రాబిన్స్ ముఖ్యుడు. నేడు కళాశాలలో విద్యార్థులు చదువు బాలిస్టిక్ లోలకమును గూర్చి 1742లో తన గ్రంథమున వివరించినది ఆయనయే. ఆ కాలపు తుపాకులలో గుండు గోళాకారముగ నుండెడిది. గొట్టము లోపల నునుపు. గుండు గొట్టపు గోడలకు తగులుచు బయటపడునపుడు ఏదో యొక వైపునకు గిరగిర తిరుగుననియు, ఆ భ్రమణమువలననే గాలిలో దారి మళ్లుననియు రాబిన్స్ భావించెను. దానిని నిరూపించుటకాయన చేసిన ప్రయోగము చమత్కారమైనది. తుపాకి గొట్టపు కొనను కొంచెము ఎడమకు వంచి కాల్చెను. దారిలో పలుచని కాగితపు తెరలు నిలిపెను. గుండు మొదట ఎడమకే పోయినది. కాని దూరము పోయిన కొలది కుడివైపునకు మళ్లినది. గొట్టము ఎడమకు వంగినందున గుండు కుడిగోడను ఒరసికొని దొర్లి బయటపడినది; ఆ తిరుగుడే దానిని కుడికి లాగినది. క్రికెట్ బంతి గాలిలో వంపు తిరుగుటలోను ఈ ధర్మము పనిచేయును. దీనికి తరువాత 1852లో పరిశోధన చేసిన జర్మను శాస్త్రజ్ఞుడు మాగ్నస్ పేరు వచ్చినది గాని, నిజమునకు రాబిన్స్ పేరు రావలసినది.

తిరుగుడు ఏ వైపునకుండునో తెలియకపోవుటయే దోషమైనచో, దానికి ఒక నియమిత దిశ కల్పించినచో చాలును గదా! గొట్టము లోపల మెలితిరిగిన గాడులు చెక్కిన తుపాకియే రైఫిలు. గాడులు గుండును దాని పొడవు ఇరుసుగా త్రిప్పును. బొంగరము తిరుగుచున్నంతసేపు నిలిచియుండునట్లు గుండు ముక్కు ముందునకే యుండును.

ఈ తిరుగుడు ఎంత వేగమో లెక్కకట్టి చూడవలెను. 7.62 మిల్లీమీటర్ల రైఫిలులో గాడులు సుమారు 30.5 సెంటీమీటర్లకు ఒక చుట్టు తిరుగుననుకొందము. గుండు సెకనుకు 800 మీటర్ల వేగముతో బయటపడినచో, సెకనుకు సుమారు 2,600 చుట్లు! ఇప్పుడు గుండు గురుత్వకేంద్రము ఇరుసునుండి ఒక మిల్లీమీటరులో నూరవవంతు, అనగా 0.01 మిల్లీమీటరు ప్రక్కకున్నదనుకొందము. ఉన్నత పాఠశాల విద్యార్థి చేతిలోని స్క్రూగేజి కొలువగల కనిష్ఠ పరిమాణమిదియే. గొట్టము లోపల నున్నంతవరకు ఆ కేంద్రము చిన్న వృత్తమున తిరుగుచుండును. గొట్టము దాటిన క్షణమున, త్రిప్పుచున్న ఒడిసెల వదలినపుడు రాయి ఎగిరినట్లు, అది వృత్తపు స్పర్శరేఖ దిశలో పోవును. ఆ ప్రక్కవేగము సెకనుకు సుమారు 0.165 మీటరు. 300 మీటర్లు పోవుటకు గుండుకు 0.375 సెకను పట్టును (గాలి నిరోధమును విడిచి). అంతలో గుండు సుమారు 6 సెంటీమీటర్లు ప్రక్కకు జరుగును. 300 మీటర్ల రైఫిలు పోటీలలో ఫలకము మధ్యనున్న పది మార్కుల వలయము వ్యాసము 10 సెంటీమీటర్లు, అనగా వ్యాసార్ధము 5. గుండు లోపలి కంటికి కనపడని లోపము ఆటగాని పదిని తొమ్మిదిగా మార్చుటకు చాలును.

ఒక్కొక్క గుండులో బరువైన ప్రక్క ఒక్కొక్క దిశకుండును. కనుక ఒకటి పైకి, ఒకటి క్రిందికి, ఒకటి ప్రక్కకు పోయి గుంపు ఏర్పడును.

ఈ విషయమును పట్టుదలతో శోధించినవాడు అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు మిల్ఫర్డ్ పట్టణమున నుండిన డాక్టరు ఫ్రాంక్లిన్ మాన్ (1856–1916). వైద్యము చదివినను ఆయనకు ధనము తెచ్చిపెట్టినది కోళ్ల మేతకు పచ్చి ఎముకలను కోయు యంత్రము. ఆ ధనమును తుపాకి ప్రయోగములకు వెచ్చించెను. కదలని కట్టడముపై గొట్టమును నిలిపి, గుండు దారి పొడవున కాగితపు తెరలు వరుసగా నుంచి, ప్రతి తెరపైని రంధ్రమును కొలిచెను. గుండు ముక్కును కావలెనని చెడగొట్టి కాల్చినపుడు గురి అంతగా చెడలేదు. గుండు అడుగును ఒక ప్రక్క కొంచెము గీరినచో మాత్రము గుండు ఎటో పోయెడిది! ముక్కే దారి చూపునని నమ్మినవారికి ఇది వింతగా తోచినది. కారణము సులభమే: గుండు గొట్టమును వీడునపుడు వెనుకనుండి దూకు వాయువు అడుగున లోపమున్న ప్రక్కనుండి ముందుగా తప్పించుకొని గుండును ఒరగద్రోయును. 1909లో ఆయన ప్రకటించిన గ్రంథమున ఈ ప్రయోగములు కలవు.

తూటాలో గుండుతోబాటు మరి మూడు భాగములున్నవి: ఇత్తడి తొడుగు, తుపాకిమందు, మందును అంటించు రంజకపు టోపీ. టోపీని గూర్చి చెప్పవలసినది తక్కువ. ఒకే తయారీకి చెందినవి వాడుదురు. తొడుగు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు గల ఇత్తడి. ప్రేల్చినపుడెల్ల అది వ్యాకోచించును. అచ్చులోనికి నొక్కి మరల సరిచేయుదురు. ఇట్లు సాగగొట్టిన ఇత్తడి గట్టిపడి, మెడ గుండును పట్టుకొను బిగువు మారిపోవును. అందుచే మెడను అప్పుడప్పుడు వేడిచేసి మెత్తబరతురు. ఇత్తడిలో మిగిలిన లోపలి బిగువుల ప్రభావమును భారతదేశమే ఒకప్పుడు ప్రపంచమునకు చూపినది. బ్రిటిషువారి కాలమున గుర్రపుశాలలలో నిలువయుంచిన తూటాలు వర్షకాలమున బీటలు వారెడివి. గుర్రపు మూత్రమునుండి వచ్చు అమోనియా, తేమ, తొడుగులోని బిగువు మూడును కలిసి ఆ పని చేయుచున్నవని 1921లో తేలినది.

ఇక మందు. దాని తూకము మారినచో వేగము మారును. సెకనుకు 800 మీటర్ల వేగముతో పోవు గుండు 300 మీటర్ల దూరమున, గాలి లేదనుకొన్నచో, సుమారు 68.9 సెంటీమీటర్లు క్రిందికి జారును. 810 మీటర్ల వేగముతో 67.2 సెంటీమీటర్లే. తేడా 1.7 సెంటీమీటర్లు. దూరము మూడు రెట్లై 900 మీటర్లైనచో ఈ తేడా తొమ్మిది రెట్లై 15 సెంటీమీటర్లు దాటును. గాలి నిరోధమును చేర్చినచో ఇంకను హెచ్చు. అందుకే దూరపు గురికాండ్రు మందును మిల్లీగ్రాముల వరకు తూచుదురు. ఈ తూకములో చనువు పనికిరాదు. ఇట్టి రైఫిలు గొట్టములో పీడనము 4 వేల వాతావరణ పీడనముల వరకు పోవచ్చును. మందు మితిమీరినచో చేతిలోనిదే పగులును.

ఇంతవరకు లోపములు ఎట్లు పుట్టునో చూచితిమి. అసలు చిక్కు వేరొకటి. మందు పాలు కొంచెము మార్చినాడు, గుంపు చిన్నదైనది. అది మార్పు ఫలమా, కేవలము యాదృచ్ఛికమా?

ఒకే రకపు తూటాలు, ఏ మార్పును లేనివి, ఐదేసి చొప్పున పలుమార్లు కాల్చగా గుంపుల వెడల్పు సగటున 3 సెంటీమీటర్లు వచ్చినదనుకొందము. గుండ్లు మధ్యనుండి అన్ని దిశలకు సమముగా, గౌసు నియమము ననుసరించి చెదరుననుకొన్నచో, వానినే మూడేసి చొప్పున కాల్చిన సగటు 2.4 సెంటీమీటర్లే వచ్చును. పదేసి చొప్పున 3.7. తూటాలు మారలేదు, రైఫిలు మారలేదు, లెక్కించిన సంఖ్యయే మారినది! అంతేకాదు. ఐదు గుండ్ల గుంపు ఒకసారి 2.2, మరొకసారి 3.8 వచ్చుట సర్వసాధారణము. మూడు గుండ్ల గుంపులు ఇంకను చపలమైనవి. పది వేర్వేరు పాళ్లలో మూడేసి తూటాలు కాల్చి చూచువాడు, ఆ పదియు నిజమునకు సమానమే యైనను, ఒక గుంపు ఒక సెంటీమీటరుకు చేరువగను, మరొకటి మూడున్నర దాటియు చూచును. మొదటిదే శ్రేష్ఠమని సంతోషించి ఇంటికి పోవును! ఫలానా పాలు వద్ద గొట్టపు కంపనములు అనుకూలించునను నమ్మకములలో పెక్కింటికి ఇట్టి మూడు గుండ్ల పరీక్షలే ఆధారము. గొట్టము కంపించుట నిజమే. కాని ఆ పరీక్ష దానిని గూర్చి ఏమియు చెప్పజాలదు.

అట్లని వందలకొలది కాల్చి చూతమన్నను వీలులేదు. వేడివాయువుల తాకిడికి గొట్టము లోపలి ఉక్కు క్రమముగా అరిగిపోవును. గొట్టము ఆయువు కొన్ని వేల తూటాలే. ఉత్తమమైన తూటాను వెదకుటలోనే గొట్టము ఖర్చగును. కనుక ఉన్న రంధ్రములనుండి ఎక్కువ సమాచారము పిండుకొనవలెను. గుంపు వెడల్పు కొలుచువాడు అన్నిటికన్న దూరముననున్న రెండు రంధ్రములను మాత్రమే వాడుకొని తక్కినవానిని పారవేయుచున్నాడు. ప్రతి రంధ్రమునకు గుంపు కేంద్రమునుండి గల దూరమును వర్గించి, సగటు తీసి, వర్గమూలము కట్టినచో అన్ని రంధ్రములును సాక్ష్యము చెప్పును. వేర్వేరు దినముల ఫలకములను ఈ విధముగా కలిపి ఇరువది ముప్పది గుండ్ల లెక్క చూచిన తరువాతనే ఒక పాలు మరొకదానికన్న మేలని చెప్పుట న్యాయము.

తూటా స్వయముగా కూర్చుకొనుటకు వీలులేని ఎయిర్ రైఫిలు ఆటలోను ఇదే చిక్కు కలదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో కాంస్యపతకము గెలుచుకొన్న 10 మీటర్ల పోటీలో పది మార్కుల గుర్తు వ్యాసము అర మిల్లీమీటరే. అట్టి పోటీలకు పోవువారు సీసపు గుళికలను కర్మాగారపు తయారీ విడతలవారీగా తెప్పించి, రైఫిలును బిగించి పరీక్షించి ఎన్నుకొందురు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో తుపాకి లేకుండనే చూపవచ్చును. బల్ల అంచున ఏటవాలు చెక్కగాడిని బిగించి, ఒక గోలీని ఎల్లప్పుడు ఒకే గుర్తునుండి వదలవలెను. అది నేలపై పడుచోట తెల్లకాగితము, దానిపై కార్బను కాగితము పరువవలెను. మొదటి మూడు చుక్కలకు 1, 2, 3 అని సంఖ్యలు వేసి వాని చుట్టు పెన్సిలుతో వలయము గీయవలెను. పిమ్మట గోలీని మరి పదునేడుమార్లు వదలి, కార్బను కాగితము ఎత్తి, ఆ వలయమునకు వెలుపల ఎన్ని చుక్కలు పడినవో విద్యార్థులచే లెక్కింపజేయవలెను.