బ్యాచిలర్ క్యాంపులో మన కన్ను చూసేదెవరు?

మనవి బ్యాచిలర్ క్యాంపులు. పేరుకే బ్యాచిలర్లం, చాలామందికి ఊళ్లో భార్యాబిడ్డలున్నారు. ఈ తేడా కంటి క్యాన్సర్ దగ్గర లెక్కకొస్తుంది.

అమెరికాలో రోగుల రికార్డులు చూసిన డాక్టర్లు, కంటి క్యాన్సర్ వచ్చినవాళ్లలో పెళ్లయినవాళ్లు ఎక్కువ కాలం బతుకుతున్నారని గమనించారు. వేరే పది రకాల క్యాన్సర్ల మీద 2013లో 7,34,889 మంది వివరాలతో వచ్చిన అధ్యయనమూ అదే చెప్పింది: జంట లేనివాళ్లకు జబ్బు ముదిరాకే బయటపడడం ఎక్కువ, సరైన చికిత్స అందడం తక్కువ. తాళిలో మందేమీ లేదు. "కన్ను అలా ఉందేమిటి, డాక్టరు దగ్గరికి పద" అని వెంటపడే మనిషి ఉండడమే అసలు సంగతని మేమనుకుంటున్నాం.

మనకా మనిషి వేల మైళ్ల దూరంలో ఉంది. వీడియో కాల్‌లో కంటి మచ్చ కనబడదు. చెబితే భయపడుతుందని మనమూ చెప్పం.

ఎండలో పనిచేసేవాళ్లకు తెల్లగుడ్డు మీద కండ పెరగడం మామూలే, చాలావరకు అది క్యాన్సర్ కాదు. కానీ ఎండ వల్ల కంటి పైపొరకు వచ్చే క్యాన్సరూ మొదట్లో అలాగే కనిపిస్తుంది. ముందే పట్టుకుంటే చిన్న ఆపరేషన్‌తోనో చుక్కల మందుతోనో తగ్గుతుంది. ముదిరితే కన్నే తీసేయాల్సి రావచ్చు. నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు.

పక్క మంచం తమ్ముడి కంట్లో కండ పెరుగుతుంటే, చూపు మసకేస్తోందంటే మీరే వెంటపడండి. ఇన్సూరెన్స్ కార్డు పట్టించి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అవసరమైతే ఆయనే రియాద్‌లోని కింగ్ ఖాలిద్ కంటి ఆస్పత్రి లాంటి పెద్దచోటికి రాసిస్తారు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్‌లోనూ కంటి క్యాన్సర్‌కు వైద్యముంది, అయితే సెలవు దొరికేదాకా ఆగొద్దు.