అప్పు హద్దు గీశాకే ముహూర్తం

శ్రీరామనవమి నాడు భద్రాచలం మిథిలా స్టేడియంలో రాములోరి కల్యాణం జరిగిందంటే ఖమ్మం నుంచి చర్ల దాకా పెళ్లిళ్ల హడావుడి మొదలైనట్టే. టెంట్‌హౌస్ వాళ్లకు, వంట మాస్టర్లకు ఊపిరాడదు. పెళ్లి ఇళ్లలో పనులు సాగే వరస మాత్రం ఎక్కడ చూసినా దాదాపు ఒకటే. సంబంధం ఖాయమవుతుంది, అయ్యగారి దగ్గర ముహూర్తం పెట్టిస్తారు, ఫంక్షన్ హాలుకు బయానా ఇస్తారు, శుభలేఖలు అచ్చుకిస్తారు. డబ్బు మాట ఆ తర్వాత వస్తుంది. అప్పటికి తేదీ కదలదు కనక ఎవరు ఎంత వడ్డీ అడిగితే అంతకు తలూపాల్సి వస్తుంది. చేతిలో తక్కువున్న కుటుంబాన్ని ముంచేది ఈ వరసే అని నా నమ్మకం. ఎంత అప్పు తీర్చగలమో ముందు తేల్చుకుని, ముహూర్తం ఆ తర్వాత పెట్టించుకుంటే సగం బరువు అక్కడే దిగుతుంది.

లెక్క చూద్దాం. పల్లెల్లో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటారు. మూడు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగానే ఉంటుంది. 2 లక్షలు తెస్తే నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు. అసలులో రూపాయి కూడా తగ్గదు. అదే 2 లక్షలు మహిళా సంఘం ద్వారా రూపాయి వడ్డీకి దొరికితే ఏడాదికి 24 వేలు. రెండింటి మధ్య తేడా 48 వేలు, అదీ ప్రతి ఏడాదీ. పెళ్లికి ఆరు నెలల ముందే సంఘంలో తల్లి తన అవసరం చెప్పి, పాత అప్పు సకాలంలో కట్టి ఉంచుకుంటే ఆ దారి తెరుచుకుంటుంది. పెళ్లి వారం రోజులుందనగా వెళ్తే సంఘం అప్పు దొరకడం కష్టం. ఇంట్లో ఉన్న బంగారం బ్యాంకులో కుదువ పెట్టడం కూడా మూడు రూపాయల వడ్డీ కంటే చాలా చౌక. నెలనెలా చీటీ కట్టేవాళ్లు దాన్ని పెళ్లి నెలకు దగ్గరగా పాడుకునేలా ముందే అనుకుంటే మంచిది. తొందరపడి పాడుకుంటే పోయేది పెద్ద మొత్తమే.

ఇక కల్యాణలక్ష్మి. 2014 అక్టోబరు 2న తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ ఆడపిల్లల పెళ్లికి 51 వేల రూపాయల సాయంగా దీన్ని మొదలుపెట్టింది, ముస్లిం మైనారిటీలకు షాదీ ముబారక్ పేరుతో. 2016లో బీసీలకు, ఈబీసీలకు విస్తరించారు. 2017లో 75,116కు, 2018లో 1,00,116కు పెంచారు. చెక్కు పెళ్లికూతురి తల్లి పేరు మీద వస్తుంది. ఇది మంచి పథకం, ఎన్నో ఇళ్లను ఆదుకుంది. కానీ దీని గురించి రెండు సంగతులు గట్టిగా గుర్తుంచుకోవాలి.

మొదటిది, ఈ డబ్బు పెళ్లి నాటికి చేతిలో ఉంటుందని నమ్మకూడదు. దరఖాస్తు, తహసీల్దారు కార్యాలయంలో విచారణ, మంజూరు, ఆ పైన చెక్కుల పంపిణీ, ఇదంతా గడిచేసరికి నెలలు పడుతుంది. చాలామంది లక్ష వస్తుంది కదా అని ఆ ధైర్యంతో ఇంకో లక్ష అప్పు చేస్తారు. పైన చెప్పిన 2 లక్షల అప్పు మీద పదిహేడు నెలల వడ్డీ 1,02,000. అంటే అసలు తీర్చకుండా అన్నాళ్లు ఆగితే సర్కారు ఇచ్చిన లక్షా వడ్డీకే పోతుంది. కాబట్టి ఈ చెక్కును పెళ్లి ఖర్చుల పట్టీలో రాయకండి. అప్పు తీర్చే పట్టీలో రాసుకుని, వచ్చిన రోజే అసలులో జమ చేయండి.

రెండోది బంగారం. 2018లో తులం బంగారం 30 వేల రూపాయలకు కాస్త అటూఇటూ ఉండేది. అప్పుడు ఈ లక్షతో మూడు తులాలు వచ్చేవి. 2025లో తులం లక్ష దాటింది. సాయం అంకె అక్కడే నిలబడింది, దాని కొనుగోలు బలం మూడో వంతు కన్నా తక్కువకు పడిపోయింది. ఇలాంటప్పుడు అప్పు తెచ్చి నగలు చేయించడం రెండు విధాల భారం. పుస్తెమట్టెలు తప్పవు. మిగతావి ఏళ్ల మీద, చేతిలో డబ్బు ఆడినప్పుడు గ్రాము గ్రాముగా చేయించుకోవచ్చు. నగల లెక్క భద్రాచలం రాముడికీ తప్పలేదు. రామదాసు తన ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనలో ఏ పతకానికి ఎంత ఖర్చయిందో ఒక్కొక్కటీ చెప్పుకొని స్వామికి మొరపెట్టుకున్నాడు. ఖజానా సొమ్ముతో గుడి కట్టించి, గోల్కొండ చెరసాలలో కూర్చున్న మనిషి గోడు అది.

తేదీ సంగతికొస్తే, ఇక్కడి మనుషులకు డబ్బు నెలనెలా జీతంగా రాదు, పంటతో వస్తుంది. పత్తి ఏరడం కార్తీకం నుంచి పుష్యం దాకా సాగుతుంది. మిర్చి సంక్రాంతి తర్వాత కోతకొచ్చి ఖమ్మం మార్కెట్ యార్డుకు చేరుతుంది. అందుకే మాఘ, ఫాల్గుణాల్లో రైతు చేతిలో నాలుగు డబ్బులుంటాయి. వేసవి ముహూర్తాలకూ ఆ డబ్బు కొంత మిగులుతుంది, కానీ అడవి అంచు ఊళ్లకు ఇంకో చిక్కుంది. ఇప్పపూవు రాలే రోజులు, తునికాకు కోసే రోజులు సరిగ్గా అప్పుడే. ఆకు కోత కొన్ని వారాలే ఉంటుంది. ఆ వారాల్లో ఇల్లంతా అడవికి వెళ్లి యాభై ఆకుల కట్టలు కట్టుకుంటేనే ఆ ఏటి నగదు. అదే సమయంలో పెళ్లి పెట్టుకుంటే ఇంటివాళ్లకే కాదు, వచ్చే చుట్టాలకూ కూలి పోతుంది. ఆకు కోత ముగిసి, డబ్బు చేతికందాక ముహూర్తం ఉంటే అదే చూసుకోవాలి.

అన్నిటికంటే కష్టం శ్రావణం. పుష్యం, ఆషాఢం, భాద్రపదం, మూఢాలు తీసేస్తే మిగిలే ముహూర్తాలు కొద్ది కనక శ్రావణంలో రద్దీ ఎక్కువ. కానీ అప్పటికి రైతు డబ్బంతా విత్తనంగా, యూరియాగా నేలలో ఉంటుంది. పెళ్లికి తెచ్చేది పూర్తిగా అప్పే అవుతుంది, అదీ పత్తి అమ్మేదాకా వడ్డీ పెరిగే అప్పు. దానికి తోడు గోదావరి. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది, వంతెన మీద రాకపోకలు ఆపేశారు. వరదొస్తే దుమ్ముగూడెం, చర్ల, కూనవరం దారులు మునుగుతాయి. వండిన అన్నం ఒకవైపు, తినాల్సిన బంధువులు ఇంకోవైపు ఉండిపోతారు. బయానా తిరిగి రాదు. నది ఒడ్డున ఉన్న ఊళ్లవాళ్లు శ్రావణ ముహూర్తం తప్పదనుకుంటే మండపం ఇంటి దగ్గరే, మెరక మీద వేసుకోవడం క్షేమం.

భోజనాల విషయంలో చెప్పడానికి ఎక్కువ లేదు. ఖర్చును పెంచేది వంటకాల సంఖ్య కంటే శుభలేఖల సంఖ్య. పళ్లెం 250 రూపాయలనుకుంటే 600 మందికి లక్షన్నర, 300 మందికి 75 వేలు. పిలుపులు సగం చేస్తే మిగిలే 75 వేలు పైన చెప్పిన 2 లక్షల అప్పు మీద ఒక ఏడాది వడ్డీకి సరిపోతాయి. నిశ్చితార్థానికి ఒక విందు, పెళ్లికి ఒకటి, రిసెప్షన్‌కు మరొకటి పెట్టే బదులు మూడూ ఒకటి రెండు రోజుల్లో, ఒకే పందిరి కింద ముగించొచ్చు. ఇంట్లో పండిన బియ్యం, ఊళ్లో వంట మాస్టరు, అద్దె సామాను ఉంటే క్యాటరింగ్ కన్నా తక్కువలోనే తేలుతుంది. చదివింపులను మాత్రం ఆదాయంగా లెక్కేయకండి. నోటుబుక్కులో పేరు రాసి పుచ్చుకున్న ప్రతి 500 రూపాయలూ రేపు వాళ్లింటి పెళ్లిలో తిరిగి పెట్టాల్సినవే.

ఈ ప్రాంతంలో పెళ్లి ఖర్చు గురించి మాట్లాడుతూ కోయల పద్ధతిని పక్కన పెట్టలేం. 19వ శతాబ్దం చివర్లో దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ తాను చూసిన కోయ పెళ్లిళ్ల గురించి రాసిపెట్టాడు. 1909లో థర్‌స్టన్ అచ్చువేసిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో ఆ వివరాలు చేరాయి. వాటిలో అన్నిటికంటే సాదా పద్ధతి ఇది: పెళ్లికూతురు తల వంచి నిలబడుతుంది, పెళ్లికొడుకు ఆమె మీదికి వంగుతాడు, అతని స్నేహితులు అతని తల మీద నీళ్లు పోస్తారు. ఆ నీళ్లు అతని తల మీద నుంచి ఆమె తల మీదికి జారితే ఇద్దరూ ఆలుమగలు. తర్వాత పెద్దల దీవెనలు, పాటలు. ఒక కుండెడు నీళ్లు, సాక్షులుగా ఊరు.

ఇంకో ముఖ్యమైన తేడా డబ్బు నడిచే దిక్కు. కోయల్లో పాత ఆనవాయితీ ప్రకారం మగపిల్లవాడి వైపువాళ్లే పిల్ల ఇంటికి ఓలి ఇచ్చుకుంటారు. ఆడపిల్ల పుట్టిందంటే తండ్రి భయపడాల్సిన అవసరం ఆ లెక్కలో లేదు. ఓలికీ దాని సమస్యలు దానికుంటాయి, మనిషికి వెల కట్టినట్టు అవుతుందనే విమర్శ సరైనదే. అయినా మైదానం నుంచి వచ్చిన కట్నం, డీజే, ఎల్ఈడీ తెర, ఫొటో షూట్ ఆ గూడేల్లోకి అడుగుపెడుతుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఊరంతా రేల పాట పాడి ఉచితంగా ఇచ్చుకునే సంబరాన్ని వదిలేసి, గంటకింతని అద్దె కట్టే చప్పుడును తెచ్చుకోవడం అది. చట్టం కూడా వాళ్ల ఆచారాన్ని గౌరవించింది. 1955 హిందూ వివాహ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు, వాళ్ల సంప్రదాయం ప్రకారం జరిగిన పెళ్లే పెళ్లి. పురోహితుడు, హాలు ఉంటేనే చెల్లుతుందని ఎవరైనా అంటే నమ్మాల్సిన పని లేదు.

మిగతావాళ్లకూ చట్టం అడిగేది తక్కువే. 2024లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో హిందూ వివాహానికి ఆచార విధులు జరగడం తప్పనిసరని చెబుతూ, పెళ్లి ఆటపాటల, విందువినోదాల వేడుక కాదని కూడా గుర్తుచేసింది. తాళి, తలంబ్రాలు, సప్తపది ఇంటి ముంగిట్లోనైనా జరగొచ్చు.

కట్నం సంగతి దాటేసి పొదుపు గురించి ఎంత మాట్లాడినా వృథా. భోజనాల్లో పది వేలు మిగిల్చి, కట్నంగా ఐదు లక్షలు ఇస్తే మిగిలిందేమీ లేదు. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం ఇచ్చినా పుచ్చుకున్నా కనీసం ఐదేళ్ల జైలు, 15 వేలు లేదా కట్నం విలువలో ఏది ఎక్కువైతే అంత జరిమానా. లాంఛనాలని పేరు మార్చినా అది కట్నమే. అడిగి తీసుకునేవాళ్ల ఇంటికి పిల్లనివ్వనని చెప్పే ధైర్యం తల్లిదండ్రులకు ఒంటరిగా రావడం కష్టం, అందుకు మేనమామలు, పెద్దమనుషులు వెనక నిలబడాలి. ఇష్టంగా పెట్టే కానుకలకైతే 1985 నిబంధనలు ఒక దారి చూపాయి: వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు రాసి వధూవరులిద్దరూ సంతకాలు చేసిన జాబితా. కానుకల లెక్క రాస్తే చుట్టరికం చెడుతుందని సంకోచించొద్దు. రేపు పిల్లకు కష్టమొస్తే ఆమె సొమ్ము ఆమెదని చెప్పే కాగితం అదొక్కటే.

కాగితాల మాటొచ్చింది కాబట్టి సరిహద్దు గురించి చెప్పాలి. 2014 విభజనలో భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, పక్కనే ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది. ఒకే బజారులో సరుకులు కొనుక్కునే రెండు ఇళ్ల మధ్య సంబంధం కలిస్తే, సాయం ఎవరికి వస్తుందన్నది పెళ్లికూతురు ఎటువైపు నివాసి అన్నదాని మీద ఆధారపడుతుంది. భద్రాచలం పిల్ల ఎటపాక కోడలైతే కల్యాణలక్ష్మికి దరఖాస్తు చేయొచ్చు. ఎటపాక పిల్ల భద్రాచలం కోడలైతే కుదరదు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవుల్లో ఇళ్లు వేసుకున్న గుత్తికోయలకు కుల ధ్రువపత్రమే దొరకదు కనక ఈ మెట్టు వాళ్లకు మరీ ఎత్తు. అత్యంత పేదలైన వాళ్లకే ఆ చెక్కు అందకపోవడం అన్యాయం, దీన్ని సరిదిద్దాలని అడగాల్సింది ప్రభుత్వాన్నే.

అర్హత ఉన్నవాళ్లు సంబంధం మాట్లాడుకునే రోజు నుంచే పత్రాలు పోగేసుకోవాలి. పిల్లకు 18, పిల్లాడికి 21 నిండి ఉండాలి. పిల్లకు ఒక్క నెల తక్కువైనా సాయం రాదు, పైగా అది బాల్యవివాహ నిషేధ చట్టం కింద నేరం. ఎక్కడైనా అలాంటి పెళ్లి జరుగుతుంటే 1098కి ఫోన్ చేయొచ్చు. పిల్ల, పిల్లాడు, తల్లి ఆధార్ కార్డుల్లో పేర్లు, పుట్టిన తేదీలు బడి సర్టిఫికెట్‌తో సరిపోవాలి. ఇంటిపేరులో ఒక అక్షరం తేడా ఉన్నా విచారణలో ఆగిపోతుంది, దాన్ని దిద్దించడానికే వారాలు పడుతుంది. కులం, ఆదాయం పత్రాలు మీసేవలో ముందే తీసుకోండి. తల్లి పేరు మీద బ్యాంకు ఖాతా నడుస్తూ ఉండాలి. పెళ్లి ఫొటో ఒకటి, శుభలేఖ ఒకటి దాచండి. పెళ్లి అయిన వారంలోనే నమోదు చేయించి, దరఖాస్తు వేసేస్తే చెక్కు ఎన్ని నెలలు ముందొస్తే, ఆ లక్ష మీద నెలకు మూడు వేల చొప్పున అన్ని నెలల వడ్డీ ఇంట్లోనే ఉంటుంది.