స్నానాల గదిలో నల్ల బూజు

వానాకాలం వచ్చిందంటే స్నానాల గది మూలల్లో నల్లటి చుక్కలు పుడతాయి. గోడ మీద, రాళ్ల సందుల్లో, తలుపు అడుగున పాకుతాయి. "ఎంత తోమినా మళ్లీ వస్తోంది" అని ఆడవాళ్లు విసుక్కుంటారు.

ఇది మసి కాదు, మట్టి కాదు. ఇది బూజు. ఊరగాయకి పట్టే బూజుకి ఇది చుట్టం. దీనికి ప్రాణం ఉంది. తేమ ఉంటే బతుకుతుంది. సబ్బు జిడ్డు, ఒంటి మురికి దీని తిండి. దీని నుంచి కంటికి కనబడని పొడి గాలిలోకి లేస్తుంది. అది పీలిస్తే కొందరికి తుమ్ములు, దగ్గు వస్తాయి. ఉబ్బసం ఉన్నవాళ్లకి ఆయాసం పెరుగుతుంది.

ఎలా పోగొట్టాలి?

ముందు తలుపు, కిటికీ తెరవాలి. ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి. చేతులకి ప్లాస్టిక్ సంచులైనా తొడుక్కోవాలి. సబ్బు నీళ్లతో తోమి కడగాలి. ప్లాస్టిక్ బకెట్లో లీటరు నీటికి 2 టీ చెంచాల బ్లీచింగ్ పౌడరు కలపాలి. ఆ నీళ్లు బూజు మీద పూసి 10 నిమిషాలు ఉంచాలి. తర్వాత బ్రష్‌తో రుద్ది బాగా కడగాలి.

వాష్ బేసిన్ చుట్టూ రబ్బరులాంటి తెల్లటి సీలెంట్ పూస్తారు. బూజు దాని లోపలికి దిగితే తోమినా పోదు. పాత పూత కోసి తీసేయాలి. చోటు ఆరాక కొత్తది పూయించాలి.

ప్రాణానికే ముప్పు

బ్లీచింగ్ పౌడరు, యాసిడ్ ఎప్పుడూ కలపకూడదు. కలిపితే ఇంకా బాగా పోతుందని కొందరు అనుకుంటారు. అది తప్పు. రెండూ కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. కళ్లు మండుతాయి. ఊపిరాడదు. ప్రాణమే పోవచ్చు. మరుగుదొడ్డి కడిగే మందుల్లో కూడా యాసిడ్ ఉంటుంది. ఘాటు తగిలితే వెంటనే బయటి గాలిలోకి రావాలి. ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయాలి.

మళ్లీ రాకుండా

స్నానం అయ్యాక నీళ్లు తుడిచి తలుపు తెరిచి ఉంచాలి. కారే కుళాయి బాగు చేయించాలి. తడి బట్టలు లోపల ఆరేయకూడదు. చెమ్మగోడకి పైన సున్నం వేసి లాభం లేదు. నీరు ఎక్కడ నుంచి వస్తోందో చూసి ఆపాలి.

తడి ఉన్నచోట బూజు పెరుగుతుంది. గది పొడిగా ఉంటే పెరగదు.