లెక్క తప్పింది ఎవరు?

హాంప్‌షైర్ కౌంటీలోని సౌత్ వార్న్‌బరో చిన్న ఊరు. అక్కడ జో హామిల్టన్ నడిపే కొట్టులోనే పోస్టాఫీసు కౌంటర్ కూడా ఉండేది. ఓ రోజు లెక్క కడితే కంప్యూటర్ తెర మీద 2,000 పౌండ్ల తరుగు కనిపించింది. ఆమె హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశారు. అవతలివాళ్లు ఏ మీట నొక్కమంటే ఆ మీట నొక్కారు. ఆమె చూస్తుండగానే తరుగు 4,000 అయింది. క్యాష్ డబ్బాలో ఒక్క నోటు కదల్లేదు, కదిలింది తెర మీది అంకె మాత్రమే. అలా పెరుగుతూ పోయిన అంకెల ఆధారంగా 36,000 పౌండ్లు కాజేశారని చివరికి ఆమె మీద దొంగతనం అభియోగం మోపారు. జైలు తప్పుతుందన్న ఆశతో, తప్పుడు లెక్కలు రాశానని ఆమె కోర్టులో ఒప్పుకున్నారు. డబ్బు కట్టడానికి ఇల్లు తాకట్టు పెట్టారు. చాలనిదానికి ఊరివాళ్లు చందాలు వేసుకున్నారు. దొంగతనం జరిగిందనడానికి తనకు ఏ ఆధారమూ దొరకలేదని పోస్ట్ ఆఫీస్ సొంత దర్యాప్తు అధికారే నివేదికలో రాశారు. అయినా కేసు పెట్టారు.

2021 ఏప్రిల్ 23న లండన్‌లోని అప్పీలు కోర్టు జో హామిల్టన్‌తో పాటు మొత్తం 39 మంది శిక్షలను కొట్టేసింది. ఇలాంటి వందలాది మందిని నిర్దోషులను చేస్తూ 2024 మేలో పార్లమెంటు ఏకంగా ఒక చట్టమే తెచ్చింది. బ్రిటన్ చరిత్రలో న్యాయం పేరుతో జరిగిన అతి పెద్ద అన్యాయాల్లో ఇదొకటని అక్కడి ప్రభుత్వమే అంగీకరించింది. ఈ ఉదంతాన్ని సాధారణంగా ఒక చెడ్డ సాఫ్ట్‌వేర్, ఒక గుండె లేని సంస్థ కథగా చెబుతుంటారు. అలా చెప్పినప్పుడు అసలు ముద్దాయి తప్పించుకుపోతున్నాడు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు ఎప్పుడూ ఉంటాయి, సంస్థలు తమ పరువు కాపాడుకోవాలని ఎప్పుడూ చూస్తాయి. ఈ రెంటినీ కలిపి మనుషులను జైలుకు పంపే యంత్రంగా మార్చింది ఇంగ్లండ్ న్యాయశాస్త్రంలోని ఒక సూత్రం. ఇన్ని శిక్షలు రద్దయినా ఆ సూత్రం రద్దు కాలేదన్నదే నా అభ్యంతరం.

మన దగ్గర సబ్ పోస్ట్‌మాస్టర్ అంటే తపాలా శాఖ ఉద్యోగి. బ్రిటన్‌లో కాదు. అక్కడ అతను సొంత పెట్టుబడితో కొట్టు పెట్టుకుని, కాంట్రాక్టు మీద పోస్టాఫీసు నడిపే చిరు వ్యాపారి. పింఛన్లు చెల్లించడం, స్టాంపులు అమ్మడం, కరెంటు బిల్లులు కట్టించుకోవడం అతని పని. ఆ కౌంటర్లలో భారతదేశ మూలాలున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. 1999లో ఈ కౌంటర్లన్నిటికీ హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ రావడం మొదలైంది. దాన్ని నిర్మించి నడిపింది జపాన్ కంపెనీ ఫుజిత్సు. లెక్క తేలకపోతే లోటు సబ్ పోస్ట్‌మాస్టరే జేబులోంచి పూడ్చాలని పోస్ట్ ఆఫీస్ పట్టుబట్టేది. తన నిర్లక్ష్యం వల్లనో పొరపాటు వల్లనో వచ్చిన నష్టానికే అతను బాధ్యుడని కాంట్రాక్టులో ఉన్నా, ఆ షరతును ఎవరూ లెక్కచేయలేదు.

నిజాయితీపరుడు నేరస్తుడయ్యే మలుపు ఎక్కడుందో ఇక్కడ దగ్గరగా చూడాలి. లెక్కల గడువు ముగిసిన రోజు సబ్ పోస్ట్‌మాస్టర్ చేతిలో ఉన్న నగదు, తెర మీది అంకె సరిపోయాయని ధ్రువీకరించాలి. ధ్రువీకరించకపోతే కొత్త లెక్క మొదలవదు, మర్నాడు కౌంటర్ తెరవడం కుదరదు. బయట ముసలివాళ్లు పింఛను కోసం నిలబడి ఉంటారు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, ఈ ఇబ్బంది మీ ఒక్కరికే వస్తోందన్న సమాధానం చాలామందికి ఎదురైంది. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? ఎలాగోలా సర్దుకుంటుందనుకుని, లేని డబ్బు ఉన్నట్టు చూపి సంతకం పెడతాడు. చట్టం దృష్టిలో ఆ సంతకమే తప్పుడు లెక్కలు రాసిన నేరం. తర్వాత దర్యాప్తు అధికారులు వస్తారు. దొంగతనం అభియోగం వదిలేస్తాం, తప్పుడు లెక్కల నేరం ఒప్పుకుని డబ్బు కట్టండి, హొరైజన్‌ను మాత్రం తప్పుపట్టవద్దు అని బేరం పెడతారు. ఇంతమంది తామే నేరం ఒప్పుకున్నారు కదా, తప్పు చేయకపోతే ఎందుకు ఒప్పుకుంటారు అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. వాళ్లకు ఈ బేరమే జవాబు.

ఇక ఆ సూత్రం దగ్గరికి వద్దాం. 1984 నాటి పోలీసు, క్రిమినల్ సాక్ష్యాల చట్టంలో 69వ సెక్షన్ ఉండేది. కంప్యూటర్ ఇచ్చిన కాగితాన్ని సాక్ష్యంగా పెట్టాలంటే ఆ కంప్యూటర్ సరిగ్గా పనిచేస్తోందని ప్రాసిక్యూషనే చూపించాలన్నది దాని సారం. ఇది అనవసరమైన భారమని, దీన్ని ఎత్తేయాలని 1997లో అక్కడి లా కమిషన్ సిఫారసు చేసింది. 1999లో పార్లమెంటు ఎత్తేసింది, 2000లో రద్దు అమల్లోకి వచ్చింది. దాని స్థానంలో పాత ఆనవాయితీ తిరిగొచ్చింది. కాదని చెప్పే ఆధారం చూపేదాకా యంత్రం సరిగ్గానే పనిచేస్తోందని కోర్టు భావిస్తుంది. గడియారాలకు, ట్రాఫిక్ లైట్లకు ఈ ఆనవాయితీ బాగానే సరిపోతుంది. ట్రాఫిక్ లైటు పాడైతే దారిన పోయేవాడికైనా తెలుస్తుంది. వేల కౌంటర్లను కలిపే సాఫ్ట్‌వేర్‌లో తప్పు అలా బయటపడదు. రోజుల తరబడి సరిగ్గానే నడిచి, ఏదో ఒక క్రమంలో మీటలు నొక్కినప్పుడు మాత్రమే తప్పే లోపం పల్లెటూరి కొట్టువాడికి ఎలా కనిపిస్తుంది? హొరైజన్ కౌంటర్లకు చేరుతున్న రోజుల్లోనే, ఆ హొరైజన్‌ను ప్రశ్నించడానికి అవసరమైన ఒకే ఒక్క సెక్షన్‌ను తీసేశారు.

ఫలితం ఎలా ఉంటుందో లీ కాసిల్టన్ కేసు చూపించింది. బ్రిడ్లింగ్టన్‌లో పోస్టాఫీసు నడిపిన ఆయన తరుగు గురించి హెల్ప్‌లైన్‌కు 91 సార్లు ఫోన్ చేశారు. పోస్ట్ ఆఫీస్ దాదాపు 25,000 పౌండ్ల కోసం సివిల్ దావా వేసింది. లాయరును పెట్టుకునే స్తోమత లేక తానే వాదించుకున్నారు, 2007లో ఓడిపోయారు. ఖర్చుల కింద 3,21,000 పౌండ్లు కట్టాలన్నారు. దివాలా తీశారు. యంత్రం తప్పని రుజువు చేయడానికి కావలసిన వివరాలన్నీ అవతలి పక్షం అలమారల్లోనే ఉన్నాయి. తాళం చెవి ఒకరి దగ్గర పెట్టి, తలుపు తెరవమని ఇంకొకరికి చెప్పినట్టుంది ఈ న్యాయం.

సీమా మిశ్రా ఉదంతం మరింత బాధాకరం. వెస్ట్ బైఫ్లీట్‌లో కౌంటర్ నడిపిన ఆమె దొంగతనం ఒప్పుకోలేదు, జ్యూరీ ముందు పోరాడారు. లోపాల వివరాలు బయటపెట్టమని ఆమె తరఫు లాయర్లు పదేపదే అడిగారు. 2010 నవంబరులో ఆమెకు 15 నెలల శిక్ష పడింది. ఆ రోజు ఆమె కొడుకు పదో పుట్టినరోజు. అప్పటికి ఆమె గర్భవతి. హొరైజన్‌లో లెక్కలు పొసగనివ్వని ఒక లోపం గురించిన నివేదిక, విచారణ మొదలవడానికి కొద్ది రోజుల ముందే పోస్ట్ ఆఫీస్ న్యాయ విభాగానికి చేరిందని తర్వాతి బహిరంగ విచారణలో బయటపడింది. జ్యూరీకి ఆ సంగతే తెలియదు. తీర్పు వచ్చాక, ఇది చూసి మిగతా ముద్దాయిలు హొరైజన్‌ను తిట్టడం మానుకుంటారని ఆశిద్దాం అంటూ ఆ విభాగం నుంచి సంతోషంగా ఈమెయిల్ వెళ్లింది.

ఇందులో సూత్రం తప్పేముంది, దాచింది మనుషులు కదా అనవచ్చు. ప్రాసిక్యూషన్ తన దగ్గరున్న ప్రతికూల సమాచారాన్ని ముద్దాయికి ఇవ్వాలన్న నిబంధన ఉంది, దాన్ని తొక్కిపెట్టినవాళ్లదే తప్పు అన్నది బలమైన వాదనే. ఈ కేసుల్లో హొరైజన్ బాగుందని చెప్పిన ఫుజిత్సు నిపుణుడి సాక్ష్యం నమ్మదగింది కాదని 2013లోనే ఒక న్యాయవాది పోస్ట్ ఆఫీస్‌కు రాతపూర్వకంగా సలహా ఇచ్చారు, ఆ కాగితం ఏళ్ల తరబడి బాధితులకు అందలేదు. దాచినవాళ్లను శిక్షించాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే దాచడం ఇంత తేలికగా ఎందుకు సాగిందో కూడా అడగాలి. తన యంత్రం బాగుందని నిరూపించాల్సిన అవసరమే లేనివాడిని, లోపాలు ఉన్నాయా అని కోర్టులో అడిగేదెవరు? పైగా ఈ కేసుల్లో చాలావరకు ప్రభుత్వ ప్రాసిక్యూషన్ సర్వీసు పెట్టినవి కావు. ప్రైవేటు ప్రాసిక్యూషన్ హక్కును వాడుకుని, 1999కీ 2015కీ మధ్య దాదాపు 700 మందిపై పోస్ట్ ఆఫీసే నేరుగా కేసులు నడిపింది. నష్టపోయానన్నది తానే, దర్యాప్తు చేసిందీ తానే, అభియోగం మోపిందీ తానే. సాక్ష్యం చెప్పే యంత్రం కూడా తనదే. దాన్ని నమ్మమని కోర్టుకు చెప్పే సూత్రం మాత్రం దేశానిది.

ప్రతి కేసులోనూ కంప్యూటర్ సరిగ్గా ఉందని నిరూపించమంటే కోర్టులు స్తంభించిపోతాయన్నది మరో అభ్యంతరం. తాగి బండి నడిపినవాడిని పట్టే పరికరం నుంచి మొబైల్ ఫోన్ రికార్డుల దాకా నేడు కంప్యూటర్ లేని సాక్ష్యమే అరుదు కాబట్టి, దీన్ని తేలిగ్గా తీసేయలేం. నిజానికి 69వ సెక్షన్ కూడా గొప్పగా పనిచేయలేదు, చాలా చోట్ల అదొక లాంఛనంగా మారింది. కనుక దాన్ని యథాతథంగా తిరిగి తెమ్మని నేను అనను. చేయాల్సింది అంతకంటే చిన్న పని. ప్రతి పెద్ద సాఫ్ట్‌వేర్ వెనకా తెలిసిన లోపాల జాబితా ఒకటి ఉంటుంది. హొరైజన్‌కూ ఉంది. బాధితులు హైకోర్టులో వేసిన దావాలో, దానికి ప్రాధాన్యం లేదని పోస్ట్ ఆఫీస్ కొట్టిపారేయబోయింది. చివరికి ఆ జాబితానే కేసును తిప్పింది. ముద్దాయి లెక్కను కాదన్న క్షణం నుంచి ఆ జాబితా, దిద్దుబాట్ల చరిత్ర, దూరం నుంచి ఖాతాల్లో వేలు పెట్టే అధికారం ఎవరికుందన్న వివరం ప్రాసిక్యూషన్ ముందే ఇవ్వాలి. ఇవ్వలేనివాళ్లకు యంత్రం సరిగ్గా ఉందన్న భావన వర్తించకూడదు. తాగుబోతు డ్రైవర్ల కేసులు దీనివల్ల ఆగవు. ఆగేది అంకె తప్ప ఇంకే ఆధారమూ లేని కేసు. అది ఆగాల్సిందే.

ఆ జాబితాను బయటికి లాగడానికి మాజీ సబ్ పోస్ట్‌మాస్టర్ అలన్ బేట్స్, ఆయనతో కలిసిన వారు మొత్తం 555 మంది ఆ దావా వేయాల్సి వచ్చింది. 2019 డిసెంబరులో హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఫ్రేజర్ హొరైజన్‌లో లోపాలున్నాయని, వాటివల్ల కౌంటర్ లెక్కలు తప్పడం సాధ్యమేనని తేల్చారు. లోపాలు లేవనడం ఈ శతాబ్దంలోనూ భూమి బల్లపరుపుగా ఉందని వాదించడం లాంటిదన్నారు. పోస్ట్ ఆఫీస్‌తో కుదిరిన రాజీలో వచ్చిన 5 కోట్ల 77 లక్షల పౌండ్లలో అత్యధిక భాగం కేసు ఖర్చులకే పోయింది. 2021లో అప్పీలు కోర్టు ఇంకో అడుగు వేసి, ఈ కేసులు పెట్టడమే ప్రజల అంతరాత్మకు అవమానమని తేల్చింది. అయినా దేశం కదలడానికి 2024 జనవరిలో ఈ ఉదంతంపై ఒక టీవీ ధారావాహిక రావాల్సి వచ్చింది.

ఆ కదలికలోంచి పుట్టిన 2024 చట్టం మీద వచ్చిన విమర్శ గంభీరమైనది. కోర్టులు ఇచ్చిన తీర్పులను పార్లమెంటు ఒక్క వేటుతో తుడిచేస్తే అధికారాల విభజన ఏమవుతుంది, నిజంగా దొంగతనం చేసినవాళ్లు కూడా ఇందులో బయటపడరా అని న్యాయవేత్తలు అడిగారు. బయటపడవచ్చు. కానీ ఒక్కొక్కరి అప్పీలు వినేలోపు ముసలివాళ్లైన బాధితులు చనిపోతున్నారు. పాత రికార్డులు ధ్వంసమై, దొంగెవరో దొర ఎవరో తేల్చే దారి మూసుకుపోయిన చోట సందేహ లాభం ముద్దాయికే దక్కాలన్నది అదే న్యాయశాస్త్రం చెప్పే మాట. నన్ను కలవరపెట్టేది చట్టంలోని మినహాయింపు. అప్పీలు కోర్టు అప్పటికే విని కాదన్నవారికి ఈ చట్టం వర్తించదు. కోర్టును నమ్మి ముందే తలుపు తట్టినవాళ్లు బయట నిలబడ్డారు.

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. 2000లో మన సాక్ష్యాల చట్టంలో చేరిన 65బి సెక్షన్‌కు మూలం బ్రిటన్‌లోని 1968 నాటి సివిల్ సాక్ష్యాల చట్టం. వాళ్లు ఆ నిబంధనను 1995లోనే తీసేశారు, మనం తెచ్చుకుని ఉంచుకున్నాం. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ రూపంలో అది కొనసాగుతోంది, నిపుణుడి ధ్రువపత్రం కూడా అడుగుతోంది. ఈ విషయంలో మనమే మెరుగు. కాకపోతే కంప్యూటర్ సరిగ్గా పనిచేసిందని రాసిచ్చే ఆ పత్రం ఫైలులో కుట్టే మరో కాగితంగా మారితే, 69వ సెక్షన్‌కు పట్టిన గతే దానికీ పడుతుంది.

ఈ ఉదంతంపై సర్ విన్ విలియమ్స్ జరిపిన బహిరంగ విచారణ నివేదిక తొలి సంపుటం 2025 జూలైలో వచ్చింది. హొరైజన్ చూపిన తరుగుల వల్ల కనీసం 13 మంది ప్రాణాలు తీసుకుని ఉండే అవకాశం నిజంగా ఉందని అందులో రాశారు. అంతకు ఆరు నెలల ముందు, 2025 జనవరిలో, కంప్యూటర్ సాక్ష్యంపై ఉన్న భావనను మార్చాలా అని న్యాయ మంత్రిత్వ శాఖ ప్రజల అభిప్రాయాలు కోరింది. ఏప్రిల్‌లో గడువు ముగిసింది. జో హామిల్టన్ లాగా తెర ముందు కూర్చుని, తన కళ్లెదుటే అంకె రెట్టింపవడం చూసిన మనిషి రేపు ఇంగ్లండ్‌లో కోర్టుకెక్కితే, జడ్జి ముందున్న సూత్రం ఇంకా 2000 నాటిదే.