ఐదో పిల్ల ఇంకా లోపలే ఉంది: ఇంట్లో కుక్క ఈనే రాత్రికి మీరు సిద్ధమేనా?

రాత్రి పదకొండున్నర. బయట తుపాను వాన. రేణిగుంట జంక్షన్ వైపు నుంచి గూడ్సు బండి కూత తప్ప ఇంకో శబ్దం లేదు. మా హాల్లో, కొత్త ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెలో జున్ను పడుకుని రొప్పుతోంది. పక్కన ల్యాప్‌టాప్‌లో ఆఫీసు కాల్ మ్యూట్‌లో నడుస్తూనే ఉంది. నా ఒక చేతిలో థర్మామీటరు, ఇంకో చేతిలో ఫోను. నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివి, ఐదేళ్లుగా కోడ్ రాస్తున్నా. ఎక్కడ తప్పు జరిగినా వెనక్కి వెళ్లి సరిచేసుకోవచ్చనే అలవాటు నాది. ఆ రాత్రి మాత్రం ఆ అవకాశం లేదని తెలుసు.

జున్ను మేం కొనుక్కున్న కుక్క కాదు. మా వీధి కుక్క. రెండేళ్లుగా మా గేటు ముందే పడుకుంటుంది. పొట్ట పెరుగుతుంటే బాగా తింటోంది కాబోలు అనుకున్నాం. మా అవ్వ ఒక్కసారి చూసి తేల్చేసింది.

"ఒరే నాయనా, అది కడుపుతో ఉండాది. రొమ్ములు దిగినాయి సూడు."

అవ్వ జీవితమంతా ఆవులతోనే గడిచింది. ఎన్ని ఈతలు చూసిందో ఆమెకే లెక్క తెలియదు. నేను చూసింది సున్నా. అలా మొదలైంది మా ఇద్దరి టీమ్.

ముందు లెక్క తేల్చుకోండి

కుక్క కడుపుతో ఉండేది దాదాపు 63 రోజులు. కలిసిన రోజు నుంచి లెక్కేస్తే 58 నుంచి 68 రోజుల మధ్య ఎప్పుడైనా ఈనొచ్చు. వీధి కుక్క విషయంలో ఆ తేదీ ఎవరికి తెలుస్తుంది? అందుకే జున్నును ఆటోలో తిరుపతి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాం. 45 రోజులు దాటాక పిల్లల ఎముకలు ఎక్స్‌రేలో కనిపించడం మొదలవుతుంది. ఎన్ని పిల్లలో లెక్క సరిగ్గా తెలియాలంటే 55వ రోజు దాటాక తీయడం మేలు. డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి వెన్నెముకలు ఒక్కొక్కటే లెక్కపెట్టారు. ఐదు.

ఆ అంకె ఎందుకు ముఖ్యమో ఆ రోజు నాకు అర్థం కాలేదు. ఈనడం అయిపోయిందా, ఇంకా ఉందా అని బయట నుంచి చూసి చెప్పడం కష్టం. లెక్క తెలిసి ఉంటేనే ఇంకెంతసేపు ఎదురుచూడాలో, ఎప్పుడు పరుగెత్తాలో తెలుస్తుంది.

తిండి విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కడుపుతో ఉంది కదా అని కాల్షియం మాత్రలు వేసేస్తారు. నేనూ కొనబోయాను, డాక్టరు ఆపారు. బయట నుంచి కాల్షియం ఎక్కువగా అందితే, ఎముకల్లోని కాల్షియాన్ని అవసరానికి తీసి వాడుకునే పని శరీరం తగ్గించేస్తుంది. ఈనిన తర్వాత పాలకు ఒక్కసారిగా బోలెడు కాల్షియం కావాల్సి వచ్చినప్పుడు ఆ ఏర్పాటు వెంటనే అందుకోలేదు. కాబట్టి డాక్టరు చెప్పకుండా వద్దు. చివరి మూడు వారాలు మంచి తిండి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెడితే చాలు. మేం అన్నం, ఉడికించిన గుడ్డు, మసాలా లేని చికెన్‌తో పాటు కుక్కపిల్లలకు పెట్టే ప్యాకెట్ ఫుడ్ పెట్టాం. పిల్లలు కడుపులో చోటంతా ఆక్రమించేస్తాయి కాబట్టి ఒకేసారి ఎక్కువ తినలేదు.

పెట్టె, పాత చీరలు, వంటింటి త్రాసు

ఈనే చోటును కనీసం వారం ముందే సిద్ధం చేసి, కుక్కకు అలవాటు చేయాలి. జనం తిరగని మూల, వెలుతురు తక్కువ, గాలి నేరుగా కొట్టకూడదు. పెట్టెలో తల్లి కాళ్లు చాపుకుని పడుకోగలగాలి. అంచు తల్లి దాటేంత, పిల్లలు దాటలేనంత ఎత్తుండాలి. కింద న్యూస్‌పేపర్లు, పైన ఉతికిన పాత కాటన్ చీరలు.

మేం దగ్గర పెట్టుకున్న సామాను ఇదీ:

- డిజిటల్ థర్మామీటరు, వ్యాసలీన్
- శుభ్రమైన పాత తువ్వాళ్లు, ఒక డజను
- మరిగించిన కత్తెర, గట్టి నూలు దారం
- బొడ్డుకు రాయడానికి పోవిడోన్ అయోడిన్
- చేతులకు గ్లవ్స్
- గ్రాముల్లో చూపించే వంటింటి త్రాసు
- వేడినీళ్లు పోసే సీసాలు, వాటికి చుట్టడానికి గుడ్డ
- టార్చిలైటు, నిండా ఛార్జి ఉన్న పవర్‌బ్యాంకు
- రాత్రి ఫోన్ ఎత్తే డాక్టరు నంబరు, రాత్రి వచ్చే బండి వాళ్ల నంబరు

ఈ చివరిదే అన్నింటికంటే ముఖ్యం. ఎందుకో ముందుకెళ్తే తెలుస్తుంది.

చివరి వారం రోజుకు రెండుసార్లు మలద్వారంలో థర్మామీటరు పెట్టి వేడి చూడాలి. కుక్కకు మామూలుగా 101 నుంచి 102 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. అది 99 కంటే కిందికి పడిందంటే చాలా వరకు ఆ 24 గంటల్లోపే ఈనుతుంది. జున్నుకు ఆ పొద్దున 98.6 వచ్చింది. మనకైతే నార్మల్. దానికైతే సైరన్.

ఆ రాత్రి

సాయంత్రం తిండి ముట్టలేదు. చీరలు గోళ్లతో గీకుతూ, లేస్తూ, తిరుగుతూ, వణుకుతూ ఉంది. ఇది మొదటి దశ. 6 నుంచి 12 గంటలు, ఒక్కోసారి 24 గంటల దాకా సాగుతుంది. ఈ టైములో మనం చేయాల్సింది ఏమీ చేయకుండా ఉండటమే. పక్కింటి పిల్లలు వీడియో తీస్తామని వస్తే అవ్వ గుమ్మం దగ్గరే ఆపేసింది. "మనిషికైనా గొడ్డుకైనా నొప్పులప్పుడు సంత ఏందిరా" అంది. పశువైద్యులు చెప్పేదీ అదే. భయపడిన తల్లికి నొప్పులు ఆగిపోతాయి.

11:50కి మొదటి పిల్ల. ముందు వెనక కాళ్లు, తోక కనిపించాయి. నా గుండె ఆగినంత పనైంది. కానీ కుక్కల్లో పది పిల్లల్లో దాదాపు నాలుగు అలాగే వెనక్కి తిరిగి పుడతాయి. అది మామూలే. జున్ను పొర చించి, నాకి, బొడ్డు కొరికేసింది. 12:20కి రెండోది. 12:40కి కరెంటు పోయింది.

1:05కి మూడోది టార్చి వెలుతురులో వచ్చింది. జున్ను అలిసిపోయి తల తిప్పలేదు. పిల్ల ఇంకా పొరలోనే ఉంది. తల్లి వెంటనే చించకపోతే ఆ పని మనదే, ఆలస్యం చేయకూడదు. మూతి దగ్గర పొరను వేళ్లతో చించాను. ముక్కు, నోరు తుడిచాను. కదల్లేదు. తల కొంచెం కిందికి ఉండేలా పట్టుకుని తువ్వాలుతో వీపు మీద, పక్కల మీద రుద్దడం మొదలుపెట్టాను.

"బొమ్మను తుడిచినట్టు తుడస్తావేందిరా? గట్టిగా రుద్దు!" అంది అవ్వ. దూడనైతే ఎండుగడ్డితో రుద్దే చేతులవి. రుద్దాను. దాదాపు రెండు నిమిషాలకు సన్నగా ఒక కీచు శబ్దం. ఆఫీసులో ఏ రిలీజు సక్సెస్ అయినా అంత సంతోషం రాలేదు నాకు.

పిల్లను కాళ్లు పట్టుకుని గాల్లో ఊపడం పాత వీడియోల్లో కనిపిస్తుంది. వద్దు. మెదడుకు దెబ్బ తగలొచ్చు. రుద్దడమే మందు. బొడ్డుతాడు మనమే కోయాల్సి వస్తే పొట్టకు అంగుళం దూరంలో దారంతో కట్టి, ముడికి అవతల కత్తిరించి, అయోడిన్ రాయాలి.

1:40కి నాలుగోది. ఆ తర్వాత నిశ్శబ్దం.

జున్ను హాయిగా పడుకుంది. నాలుగూ పాలు తాగుతున్నాయి. మాయలు పడ్డాయి. "ఇంగేం లేవులేరా, అయిపోయింది, పండుకో" అంది అవ్వ. నేను ఎక్స్‌రే గుర్తుచేశాను. "ఐదన్నారు కదవ్వా." "ఫోటోలో తప్పు సూసింటారులే."

అవ్వను అనడానికి లేదు. చదివింది నేను. లోపల పిల్ల ఉందని తెలిసీ రెండు గంటలు దాటితే డాక్టరుకు ఫోన్ చేయాలని నా ఫోన్‌లోనే నోట్ ఉంది. 3:40 అయింది. తల్లి ప్రశాంతంగా ఉంది కదా, ఈ వానలో, ఈ టైములో డాక్టరును లేపడం ఎందుకు అనుకున్నాను. ఇంకో వీడియో చూశాను. ఇంకోటి. అందులో ఎవరో నాలుగు గంటలు కూడా ఓకే అన్నారు. నాకు వినాలని ఉన్న మాట అదే కాబట్టి నమ్మాను.

4:30కి జున్ను మళ్లీ వణకడం మొదలైంది. ముక్కడం లేదు. అప్పుడు చేశాను ఫోన్.

"ఆఖరిది పుట్టి ఎంతసేపైంది?"

"మూడు గంటలు కావస్తోంది సార్."

"ఫోన్ పెట్టేసి బయల్దేరండి."

వీధి చివరి వ్యాన్ అన్నను లేపాం. పిల్లల్ని చిన్న పెట్టెలో, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన పెట్టి వెంట తీసుకెళ్లాం. తిరుపతి పది కిలోమీటర్లే, కానీ రోడ్డంతా నీళ్లు. క్లినిక్‌లో డాక్టరు చేతితో పరీక్ష చేశారు. దారి అడ్డంగా లేదు, గర్భాశయం అలిసిపోయి నొప్పులు ఆగిపోయాయి అన్నారు. కాల్షియం ఎక్కించి, ఇంజెక్షన్ ఇచ్చారు. 6:05కి ఐదో పిల్ల వచ్చింది. ఊపిరి లేదు. ఆయన చాలాసేపు ప్రయత్నించారు.

"ముందొచ్చుంటే బతికేదని గ్యారంటీ ఇవ్వలేను. ఛాన్స్ అయితే ఉండేది" అన్నారు. తిట్టలేదు. తిట్టుంటే బావుండేదనిపించింది.

ఇవి చూస్తే ఆగొద్దు

3:40 నుంచి 4:30 దాకా నేను పోగొట్టిన ఆ 50 నిమిషాలు మీరు పోగొట్టకూడదనే ఇదంతా రాస్తున్నా. వీటిలో ఏది కనిపించినా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి:

- గట్టిగా ముక్కుతున్నా 20 నుంచి 30 నిమిషాల్లో పిల్ల రాకపోతే
- లోపల పిల్లలున్నాయని తెలిసీ రెండు గంటల్లో తర్వాతది రాకపోతే, తల్లి ప్రశాంతంగా కనిపించినా సరే
- మొదటి పిల్ల పుట్టకముందే ఆకుపచ్చ ద్రవం పడితే (ఒక పిల్ల పుట్టాక పడితే మామూలే)
- వేడి 99 కంటే తగ్గి 24 గంటలైనా నొప్పులు మొదలవకపోతే
- ఎర్రటి రక్తం ఆగకుండా కారుతుంటే, తల్లి నిలబడలేకపోతే
- పిల్ల సగం బయటకొచ్చి ఇరుక్కుపోతే

ఇరుక్కున్న పిల్లను బలంగా లాగకూడదు. దారిలో సాయం చేయక తప్పకపోతే తువ్వాలుతో మెత్తగా పట్టుకుని, తల్లి ముక్కినప్పుడు మాత్రమే, కిందివైపు వంపుగా నెమ్మదిగా లాగాలి.

ఇంకో మాట. మందుల షాపులో ఆక్సిటోసిన్ దొరికితే తెచ్చి పొడిచేసే వాళ్లున్నారు. పిల్ల అడ్డం తిరిగి ఉంటే ఆ ఇంజెక్షన్‌తో గర్భాశయం చిరిగిపోవచ్చు, లోపలి పిల్లకు ఆక్సిజన్ ఆగిపోవచ్చు. మాకు పనికొచ్చింది పరీక్ష చేసిన తర్వాత డాక్టరు చేత్తో ఇచ్చింది కాబట్టే.

మన ప్రాంతానికి ఒక అదృష్టముంది. తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది. 2005లో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమూ ఇక్కడే వచ్చింది. రాష్ట్రంలో సంచార పశువైద్య వాహనాల కోసం 1962 టోల్‌ఫ్రీ నంబరూ ఉంది. కానీ వీటిలో ఏది అర్ధరాత్రి మీకు అందుతుందో పగలే, ముందే అడిగి తెలుసుకోండి. నొప్పులు మొదలయ్యాక వెతుక్కోవద్దు.

గండం ఇంకా దాటలేదు

పిల్లలు పుట్టాక మొదటి రోజు ముర్రుపాలు తాగడం తప్పనిసరి. రోగాలను ఎదుర్కొనే శక్తి వాటిలోనే ఉంటుంది. మొదటి వారం పిల్లలు తమ ఒంటిని తాము వెచ్చబెట్టుకోలేవు. పెట్టెలో 29 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. వేడి ఒక పక్కనే పెట్టండి, ఎక్కువైతే ఇంకో పక్కకు పాక్కుంటాయి. చల్లబడిన పిల్లకు పాలు పట్టొద్దు, అరగదు. ముందు నెమ్మదిగా వెచ్చబెట్టాలి.

రోజూ ఒకే టైముకు తూకం వేయండి. పుట్టినప్పటి బరువు 10 నుంచి 14 రోజుల్లో రెట్టింపు కావాలి. నేను స్ప్రెడ్‌షీట్ పెట్టాను, అమ్మ నవ్వింది. కానీ నాలుగో రోజు మూడోదాని బరువు పెరగలేదని ముందు చెప్పింది ఆ షీటే. దాన్ని పాలు బాగా వచ్చే వెనక రొమ్ముల దగ్గర పెట్టాం, మరుసటి రోజుకు అందుకుంది.

తల్లిని కూడా చూసుకోవాలి. పాలిచ్చే మొదటి నాలుగు వారాల్లో రక్తంలో కాల్షియం పడిపోయే ప్రమాదం ఉంటుంది, చిన్న జాతుల్లో మరీ ఎక్కువ. ఊరికే రొప్పడం, కాళ్లు బిగుసుకుని నడవడం, వణకడం, ఫిట్స్ కనిపిస్తే పిల్లల్ని పక్కకు తీసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే ప్రాణాలు పోతాయి. పిల్లలకు రెండో వారంలో నులిపురుగుల మందు, 6 నుంచి 8 వారాలకు మొదటి టీకా, మూడో నెలలో రేబిస్ టీకా డాక్టరు సలహాతో వేయించాలి.

ఇప్పుడు మూడు పిల్లలు మూడు ఇళ్లకు వెళ్లిపోయాయి. టార్చి వెలుతురులో పుట్టింది మాత్రం మాతోనే ఉంది. అవ్వ దాన్ని ఎవరికీ ఇవ్వనివ్వలేదు. పిల్లలు పాలు మానేశాక జున్నుకు ఆపరేషన్ చేయించాం. ఇంకోసారి ఇంత అదృష్టాన్ని నమ్ముకోదలచుకోలేదు. వీధిలో ప్రతి ఈతకూ ఒక అవ్వ, ఒక వ్యాన్, ఒక డాక్టరు దొరకరు.

స్ప్రెడ్‌షీట్‌లో ఐదో వరుస ఇప్పటికీ అలాగే ఉంది. టైము 6:05. బరువు గడి ఖాళీ.

మీ ఇంట్లోనో, మీ గేటు ముందో ఒక జున్ను ఉంటే ఇది చదివాక ఒక్క పని చేయండి. రాత్రి మూడింటికి ఫోన్ ఎత్తే డాక్టరు ఎవరో ఈరోజే కనుక్కుని నంబరు సేవ్ చేసుకోండి. ఆ టైము వచ్చినప్పుడు మొహమాటపడకుండా చేయండి.