అంత్యదినములును అనుదిన ధర్మమును

ఈ లోకమునకు అంతమెప్పుడు అను ప్రశ్న మానవునకు క్రొత్తది కాదు. యుగాంతమును గూర్చియు, ప్రళయమును గూర్చియు మన దేశమున ఎన్ని కథలు గలవో మీరెరుగుదురు. ఈ విషయమును గూర్చి క్రైస్తవుల విశ్వాసమెట్టిది, దానిని నమ్మినవారు దినదినము ఎట్లు బ్రదుకవలెనని వారి గ్రంథములు చెప్పుచున్నవి, అను రెండు సంగతులను నేను నేడు మనవి చేయదలచితిని. రెండవదియే ముఖ్యమని నా తలంపు. మొదటిదానిని అందుకు కావలసినంత మాత్రమే చెప్పెదను.

క్రైస్తవ సంఘములు సాధారణముగా అంగీకరించు విషయములు నాలుగు. క్రీస్తు మరల వచ్చును, మృతులు లేపబడుదురు, అందరికిని తీర్పు జరుగును, పిదప దేవుడు సమస్తమును నూతనపరచును. 325లో నైసియాలోను, 381లో కాన్‌స్టాంటినోపులులోను కూడిన సభల పేరిట నిలిచిన విశ్వాస ప్రమాణమున ఈ నమ్మకముల సారము కలదు.

అంతకు మించిన వివరములలో భేదాభిప్రాయములు మెండు. ప్రకటన గ్రంథము 20వ అధ్యాయమున వెయ్యేండ్ల పరిపాలన యొకటి చెప్పబడినది. క్రీస్తు వచ్చిన పిమ్మట ఆ పరిపాలన భూమిపై జరుగునని కొందరందురు. సువార్త లోకమంతట వ్యాపించి శాంతియుగము నెలకొనిన తరువాతనే ఆయన వచ్చునని మరికొందరి మతము. వెయ్యేండ్లనగా సంవత్సరముల లెక్క కాదు, సంఘము జీవించుచున్న ఈ కాలమునకే అది సంకేతమని వేరొక పక్షమువారు చెప్పుదురు. ఐదవ శతాబ్దమున ‘దైవనగరము’ అను గ్రంథమును వ్రాసిన అగస్టీను ఈ పక్షమువారికి పెద్ద దిక్కు. మూడు పక్షములలోను భక్తులు కలరు, పండితులు కలరు. వారి వాదమును తీర్చుటకు నేను పూనుకొనను.

కాని యొక ప్రశ్న మూడు పక్షములవారికిని సమానమే. అంతము సమీపించినదని నమ్మిన మనుష్యుడు నారు పోయవలెనా, మానవలెనా? బిడ్డను బడికి పంపవలెనా? చేసిన అప్పు తీర్చవలెనా? ఇది పరిహాసమున కడుగు ప్రశ్న కాదు. దీనికి తప్పుడు సమాధానము చెప్పుకొని ఉన్నదంతయు పోగొట్టుకొన్నవారు చరిత్రలో కలరు.

ఈ చిక్కు మొదటి తరముననే పుట్టినది. థెస్సలొనీక యనునది మాసిదోనియ దేశపు రేవు పట్టణము. క్రీ.శ. 50 ప్రాంతమున పౌలు అచట నొక చిన్న సంఘమును నెలకొల్పి, కొలదికాలమునకు కొరింథు చేరి, అచటినుండి వారికి జాబు వ్రాసెను. ఆ జాబును బట్టి వారి దిగులు మనకు తెలియును. క్రీస్తు రాకమునుపే తమవారు కొందరు కన్ను మూసిరి. వారి గతి యేమి? మృతులు విడువబడరని పౌలు వారిని ఓదార్చెను. ఆ దినము రాత్రివేళ దొంగ వచ్చినట్లు వచ్చును గనుక కాలములను గూర్చి తాను వ్రాయనక్కరలేదనెను. నెమ్మదిగా నుండుడని, ఎవరి పని వారు చూచుకొనుడని, స్వహస్తములతో పాటుపడుడని అదే జాబులో హెచ్చరించెను.

పౌలు పేరిటనే యున్న రెండవ జాబు మరింత కఠినముగా నున్నది. దాని కర్తృత్వమును గూర్చి పండితులలో వాదము కలదు గాని, అందలి హితవు స్పష్టము. ప్రభువు దినము వచ్చియే యున్నదను వదంతికి కలవరపడవలదు. ఊరక తిరుగుచు పరుల జోలికి పోవువారు తమ పని తాము చేసికొనవలెను. పనిచేయ నొల్లనివాడు పరుల అన్నమున కాశింపరాదు. ఈ మాట పౌలునకు తగియున్నది. అతడు గుడారములు కుట్టి జీవించినవాడు. అతని నిరీక్షణ అతని చేతిపనిని ఆపలేదు.

మత్తయి సువార్తలో క్రీస్తు బోధయు ఇట్టిదే. ఆ దినమును ఆ గడియను తండ్రి తప్ప దేవదూతలైనను కుమారుడైనను ఎరుగరని 24వ అధ్యాయమున ఉన్నది. మరుసటి అధ్యాయమున పదిమంది కన్యకల కథ, తలాంతుల కథ, తీర్పు దృశ్యము వరుసగా వచ్చును. దివిటీకి నూనె సిద్ధముగా నుంచుకొనుట, యజమాని అప్పగించిన సొమ్మును వృద్ధిచేయుట, ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట, చెరలోనున్నవానిని చూడబోవుట — వీనిని బట్టియే అచట మెప్పును నిందయు కలుగుచున్నవి. రాకడ తేదీని సరిగా లెక్కకట్టినవానికి బహుమానమున్నట్లు ఎచటను లేదు.

అయినను లెక్కలు ఆగలేదు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమున విలియం మిల్లరు (1782–1849) అను రైతు పరిశుద్ధ గ్రంథమును శ్రద్ధతో చదివెడివాడు. దానియేలు గ్రంథమందలి 2300 దినములను సంవత్సరములుగా నెంచి, క్రీ.పూ. 457 మొదలుకొని లెక్కించి, 1843 ప్రాంతమున క్రీస్తు వచ్చునని అతడు బోధించెను. ఆ గడువు దాటగా ఉద్యమములోనివారు 1844 అక్టోబరు 22వ తేదీని నిర్ణయించిరి. కొందరు పంటను కోయక పొలముననే విడిచిరి. కొందరు అంగళ్లు మూసిరి. ఆ రాత్రి గడచెను, ఎప్పటివలెనే తెల్లవారెను. చరిత్రకారులు దానిని ‘మహానిరాశ’ యందురు. మిల్లరు వంచకుడు కాడు. ఆశతో కనిపెట్టి ఏడ్చినవారిని చూచి నవ్వుట మనకు తగదు. వారిలో కొందరినుండి 1863లో ఏర్పడిన సెవెంత్‌డే అడ్వెంటిస్టు సంఘము నేటికిని రాకడను నమ్ముచున్నది, కాని దానికి తేదీ పెట్టదు.

రేడియోలో మాటలాడుచు రేడియో సంగతి చెప్పకుండుట న్యాయము కాదు. కాలిఫోర్నియాలో హెరాల్డు క్యాంపింగు అను ప్రసంగి 2011 మే 21 తీర్పుదినమని తన ప్రసారములలో చాటెను. విన్నవారిలో కొందరు ఉద్యోగములు వదలిరి, కూడబెట్టిన ధనమును ప్రచారమునకు వెచ్చించిరి. ఆ దినమును గడచెను. తేదీ చెప్పుట తప్పని 2012లో అతడే ఒప్పుకొనెను. కాని వెచ్చించిన ధనము వెనుకకు రాదు. ఇట్టి మాట వాయుతరంగములపై వచ్చినను వినువాడు దానిని పరీక్షింపవలెను.

దీనికి ప్రతిగా నొక చిన్న చరిత్ర చెప్పెదను. 1780 మే 19న అమెరికా ఈశాన్య భాగమున పట్టపగలు చీకటి క్రమ్మెను. దూరపు అడవులు తగులబడగా లేచిన పొగ దానికి కారణమని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆనాటి ప్రజలకు అది తెలియదు. తీర్పుదినము వచ్చినదని అనేకులు వణకిరి. కనెక్టికట్టు శాసనసభ కూడియుండగా, సభను చాలించుదమని కొందరనిరి. సభ్యుడగు ఏబ్రహాము డావెన్‌పోర్టు అందుకు సమ్మతింపలేదు. ఆ దినము రాకున్నచో సభ ఆపుటకు హేతువు లేదు, వచ్చియున్నచో నా విధిలో నేను కనబడుట మేలు, కావున దీపములు తెప్పింపుడు, అని అతని మాటల సారాంశము. అతడు తీర్పును నమ్మనివాడు కాడు. నమ్మినవాడు గనుకనే పని మానలేదు.

ఇంత చెప్పినందున రాకడను గూర్చిన ఆశ అనవసరమని తలంపవలదు. ప్రకటన గ్రంథమును వ్రాసిన యోహాను పత్మాసు ద్వీపమున నుండెను. నేటి టర్కీ పశ్చిమ భాగమున నున్న ఏడు చిన్న సంఘములకు అతడు వ్రాసెను. వారి యెదుట రోమా సామ్రాజ్యబలము పర్వతమువలె నిలిచియుండెను. దౌర్జన్యమునకే తుది మాట కాదని, కన్నీరు తుడువబడునని, జనములకు స్వస్థత కలుగునని వినుట వారికి బెదరింపు కాదు, ప్రాణము. తొలి క్రైస్తవులు ‘మారానాత’ అను అరామిక్కు పదముతో ప్రభువును రమ్మని పిలిచెడివారు. మనము భయపడువానిని అట్లు పిలువము గదా. అన్యాయమునకు ఒకనాడు విచారణ కలదను నమ్మికయే బలహీనుని నిలువబెట్టును, బలవంతుని చేతిని కొంత ఆపును.

కావున అంత్యదినములను నమ్మువాడు చేయవలసినది నాకు ఇట్లు తోచుచున్నది. తేదీ చెప్పువానికి చెవియొగ్గరాదు. వాని మాటపై ఆలుబిడ్డల జీవనమును ఒడ్డరాదు. కలహించిన సోదరునితో నేడే సమాధానపడవలెను. ఇయ్యవలసినది ఇచ్చివేయవలెను. రోగిని, పేదను, పరదేశిని రేపటికి త్రోయరాదు. నారు పోయు కాలమున నారు పోయవలెను. లోకము నిలిచినచో ఆ పంట ఆకలిగొన్నవారికి కావలసియుండును, యజమాని వచ్చినచో సేవకుడు మడిలోనే కనబడును.