ఫిబ్రవరి ఇరవై తొమ్మిది

గడచిన ప్రవేశాల సమయంలో ఒక విద్యార్థి దరఖాస్తును కంప్యూటరు ఎంతకూ స్వీకరించలేదు. మూడుమార్లు ప్రయత్నించి విసిగిన గుమాస్తాగారు దానిని మా వద్దకు తెచ్చారు. వెనుకటి పాఠశాల ధ్రువపత్రంలో పుట్టిన తేదీ 2007 ఫిబ్రవరి 29 అని ఉన్నది. ఆ ఏడు ఫిబ్రవరికి ఇరవై ఎనిమిది దినాలే! విచారించగా, అబ్బాయి పుట్టినది 2008లో. బడిలో చేర్చడానికి వయస్సు చాలక తండ్రిగారు ఒక సంవత్సరం వెనుకకు జరిపించారట. సంవత్సరాన్ని మార్చిన చేయి తేదీని మరచినది. ఆ విధంగా మా విద్యార్థి ఎన్నడూ తెల్లవారని దినాన జన్మించినవాడైనాడు.

నవ్వుకొన్నాము గాని, ఆ తేదీ కథ తెలుసుకొన్న పిమ్మట మన విద్యార్థులకు చెప్పాలనిపించినది.

సూర్యమాన సంవత్సరం 365 దినాల మీద సుమారు 5 గంటల 49 నిమిషాలు. ఈ మిగులును నాలుగేండ్లకొక దినంగా చేర్చే ఏర్పాటు క్రీ.పూ. 46లో జూలియస్ సీజరు చేసినది. రోమనుల పాత లెక్కలో ఫిబ్రవరి కడపటి మాసం కనుక అతుకు అక్కడ పడినది. అయితే వారు 29 అనే అంకె వేయలేదు. 24వ తేదీనే రెండుమార్లు లెక్కించేవారు. ఈ లెక్కలో ఏటా 11 నిమిషాలు అధికమై, 1582 నాటికి వసంత విషువత్తు మార్చి 21కి బదులు 11న రాసాగినది. పోపు పదమూడవ గ్రెగరీ ఆ ఏడు అక్టోబరు 4 మరునాటిని 15గా ప్రకటించి, 400 చేత భాగింపబడని శతాబ్ది సంవత్సరాలకు అధిక దినాన్ని తొలగించాడు.

ఆ తొలగింపు మొరార్జీ దేశాయిగారికి తగిలినది. 1896 ఫిబ్రవరి 29న పుట్టిన ఆయనకు 1900లో ఆ తేదీ రాలేదు. మొదటి పుట్టినరోజు ఎనిమిదవ ఏట, 1904లో వచ్చినది. సరిగా ఆ నాడే మదురైలో రుక్మిణీదేవి అరుండేల్ జన్మించారు. 1977లో ప్రధానియైన దేశాయిగారు రాష్ట్రపతి పదవికి ఆమెను కోరగా, ఆమె వలదన్నారు. ఆ పదవి మన నీలం సంజీవరెడ్డిగారిని వరించినది. తొంబదితొమ్మిదేండ్లు జీవించిన దేశాయిగారికి వచ్చిన పుట్టినరోజులు ఇరవైమూడే.

హిజ్రీ సంవత్సరానికి 354 దినాలు. నెలవంకను కంటితో చూచి మాసం ఆరంభించేవారికి అధిక దినపు చింత లేదు. గణితంతో నడిపే పట్టికలలో మాత్రం ముప్పదేండ్లకు పదకొండుమార్లు జుల్‌హిజ్జాకు ఒక దినం కలుపుతారు. తెలుగు పంచాంగానిది పెద్ద చేయి, ఏకంగా మాసాన్నే కలుపుతుంది.

ఐర్లండు, బ్రిటనులలో ఫిబ్రవరి 29న స్త్రీయే పురుషుని వివాహానికి అడుగవచ్చుననే వేడుక ఉన్నది. కాదన్నవాడు చేతితొడుగులో, పట్టుగౌనో ఇచ్చుకోవాలట. ఫ్రాన్సులో 1980 నుండి ఒక హాస్య పత్రిక ఆ ఒక్కనాడే వెలువడుతున్నది. చందాదారుడు నాలుగేండ్లు ఓపిక పట్టవలసినదే. నెల జీతగాండ్రమైన మాకు ఆ దినపు పాఠం ఉచితం. పాలకవర్గంవారు ఈ వాక్యాన్ని దాటి చదువగలరు.

మా విద్యార్థి జనన ధ్రువపత్రం పట్టుకొని నెలన్నర తిరిగి, పరీక్ష రుసుము గడువుకు రెండు దినాల ముందు తేదీ దిద్దించుకొన్నాడు. రాబోయే పుట్టినరోజు 2028లో, మంగళవారం. సెలవు కావాలని ఇప్పుడే అడిగిపెట్టాడు.